పెరటి పూల షర్బత్తు

గులాబీ అన్న మాటలోనే నీళ్లున్నాయి. పారశీకంలో గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీరు. రెండూ కలిసి గులాబ్ అయింది. అంటే పూలనీరు, మన పన్నీరన్నమాట. ఆ మాట తెలుగుదాకా వచ్చేసరికి నీళ్లు ఇంకిపోయి పువ్వు మాత్రం మిగిలింది. అరబ్బీలో అదే జులాబ్ అయి, ఐరోపా చేరి, ఇంగ్లీషులో జూలెప్ అనే తియ్యటి పానీయంగా స్థిరపడింది. పువ్వులతో పానీయమేమిటి, ఇదేదో కొత్త ఫ్యాషన్ అని ముఖం చిట్లించేవాళ్లు ఈ మాట పుట్టుక తెలిస్తే కాస్త మెత్తబడతారు.

ఆ మాటకొస్తే పువ్వు తాగని తెలుగువాళ్లెవరు? ఉగాదినాటి వేపపువ్వు పచ్చడిని తెలంగాణలో చాలా ఇళ్లలో కొత్త కుండలో పల్చగా కలిపి గ్లాసులతో తాగుతారు. కోస్తాలో కాస్త చిక్కగా చేసి అరచేతిలో వేస్తారు. ఎండబెట్టిన వేపపువ్వుని నేతిలో వేయించి పెట్టే చారు ఉండనే ఉంది. మసాలా టీలో వేసే లవంగం, విచ్చుకోకముందే కోసి ఎండబెట్టిన పూమొగ్గ. పాలలో కలిపే కుంకుమపువ్వు పేరులోనే పువ్వుంది. ఇన్ని తాగుతూ కూడా మందారంతో షర్బత్తు అనగానే ‘అది దేవుడి పువ్వు కదా’ అంటారు.

తూర్పుగోదావరి జిల్లాలో, కడియానికి దగ్గర్లో ఉన్న ఒక ఊళ్లో, రిటైరైన సైన్సు టీచరుగారి ఇంట్లో కూడా మొదట్లో ఇదే పేచీ. భర్త ఇరిగేషన్ డిపార్టుమెంటులో పనిచేసి రిటైరయ్యారు. పొద్దున్నే సజ్జ పట్టుకుని పెరట్లోకి వెళ్లడం ఆయన ఉద్యోగంగా మారింది. ఆవిడ గిన్నె పట్టుకుని వెళ్లేసరికి చెట్టు బోడిగా కనిపించేది.

‘‘ఏవండీ, నాలుగుంచకూడదూ?’’ అంటే, ‘‘స్వామికి ముందు, నీ షర్బత్తుకి తర్వాత’’ అనేవారాయన. చివరికి ఒప్పందం కుదిరింది. వీధివైపు కొమ్మలు దేవుడివి, బావివైపు కొమ్మలు వంటింటివి.

ఆ ఊరికి పూలు కొత్త కాదు. కడియం, కడియపులంక చుట్టుపక్కల ఏ రోడ్డెక్కినా రెండువైపులా నర్సరీలే. అక్కడి మొక్కలు లారీలెక్కి దేశమంతా తిరుగుతాయి. టీచరుగారి పెరట్లో మాత్రం అలా లారీ ఎక్కే గొప్ప జాతులేవీ లేవు. ఒంటిరెక్క ఎర్రమందారం, గోడ మీదికి పాకిన నీలి శంఖుపుష్పం, రెండు పన్నీరు గులాబీలు, ఒక మల్లెపొద, వెనకాల నాలుగు పాదుల గోంగూర. ఇవన్నీ ఎవరింట్లోంచో కొమ్మగానో గింజగానో వచ్చినవే.

మందారం షర్బత్తు ఆవిడ చేతిలో ఒక ప్రయోగంలా నడుస్తుంది. పదో పన్నెండో పూలు కోసి, పచ్చటి తొడిమ తీసేసి, మధ్యలో పొడుగ్గా నిలబడే పుప్పొడి కాడని కూడా లాగేసి, రెక్కలు మాత్రం రెండుసార్లు కడుగుతారు. ముద్దమందారం కూడా పనికొస్తుంది గానీ దాని మడతల్లో చీమలూ, తెల్లటి పిండినల్లీ దాక్కుంటాయి. కడగడంలో ఓపిక నశిస్తుంది. నాలుగు గ్లాసుల నీళ్లు మరిగించి, పొయ్యి కట్టేశాక అందులో రెక్కలు వేసి మూతపెట్టాలి. పది నిమిషాలు చాలు. పొయ్యి మీదే ఉంచి కుతకుతా ఉడికించారో, జిగురంతా దిగి, తాగడానికి కాక తలంటుకి పనికొచ్చే సరుకు తయారవుతుంది.

మూత తీసేసరికి రెక్కలు వెలిసిపోయి ఉంటాయి. నీళ్లు మాత్రం ఎర్రగా ఉండవు. వంకాయ తొక్క రంగులో, కొంచెం నలుపు తిరిగి, తాగబుద్ధి కాని రూపంలో ఉంటాయి. మొదటిసారి చేసేవాళ్లు ఇక్కడే పాడైపోయిందనుకుని పారబోస్తారు. అందులో ఒక నిమ్మచెక్క పిండాలి. అప్పటిదాకా ముఖం ముడుచుకున్న నీళ్లు ఒక్కసారి దానిమ్మగింజ ఎరుపులోకి తిరుగుతాయి. మందార రెక్కల్లో ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలుంటాయి. అవి పులుపు తగిలితే ఎర్రబడతాయి, సబ్బునీళ్లలాంటి క్షారం తగిలితే ఆకుపచ్చగా మారతాయి. హైస్కూలు సైన్సు పుస్తకంలో మందార సూచిక అని చదువుకునే పాఠం ఇదే. టీచరుగారు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ లిట్మస్ కాగితాలు అయిపోయినా బెంగపడలేదు. బడి ఆవరణలో మందారం చెట్టుంది కదా అనేవారు. ఆ పాఠాన్ని పరీక్షనాళికలోంచి గ్లాసులోకి మార్చడం రిటైరయ్యాక మొదలైంది.

రుచి సంగతి దాచడమెందుకు? మందారానికి సొంతంగా పెద్ద రుచేమీ లేదు. నాలిక్కి తగిలేది నిమ్మరసం, పంచదార, చిటికెడు ఉప్పు, దంచి వేస్తే ఒక ఏలక్కాయ. పువ్వు ఇచ్చేది రంగు, కాస్త మెత్తదనం. అయినా అదే నిమ్మరసాన్ని తెల్లగా ఇస్తే వద్దనే పిల్లలు ఎర్రగా ఇస్తే రెండో గ్లాసు అడుగుతారు. పంచదార బదులు బెల్లం వేయొచ్చా అని అడిగేవాళ్లుంటారు. నిక్షేపంలా వేయొచ్చు, రంగు మాత్రం మట్టినీళ్లలా అవుతుంది. పటికబెల్లమైతే రంగుకి ఢోకా లేదు. ఏది వేసినా తీపి తీపే కాబట్టి చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకి ఉప్పు వేసిన గ్లాసే మేలు.

శంఖుపుష్పానిది ఇంకో వేషం. గ్లాసుకి ఏడెనిమిది పూలు చాలు. వేడినీళ్లలో వేసిన మూడు నిమిషాలకే నీళ్లు సిరాబుడ్డిలా నీలమవుతాయి. నిమ్మరసం చుక్కచుక్కగా పడుతుంటే ఊదా, ఆ తర్వాత గులాబీ రంగు. థాయిలాండులో దీన్ని ఎప్పట్నుంచో తాగుతున్నారు. మలేసియాలో ఈ పూలరసంతో నీలిరంగు అన్నం వండుతారు. మన దగ్గర మాత్రం శివుడి పూజకి కోసి, మిగిలినవి గోడమీదే వాడనిచ్చేవాళ్లు. ఇప్పుడదే పువ్వు ఎండి, బ్లూ టీ అనే పేరుతో ప్యాకెట్లోకెక్కి తిరిగొచ్చింది.

వేసవి సెలవులకి హైదరాబాదు నుంచి వచ్చిన కూతురు అలాంటి ప్యాకెట్టే ఒకటి తెచ్చి, ‘‘అమ్మా, ఇది వేడినీళ్లలో వేసుకుంటే చాలా మంచిదట’’ అంది. ఆవిడ ఏమీ అనలేదు. చెయ్యిపట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లి గోడ చూపించారంతే.

అలాగని శంఖుపుష్పం గురించి ఆకాశానికెత్తాల్సిన పని కూడా లేదు. అమెరికా ఆహార నియంత్రణ సంస్థ 2021లో ఈ పూల సారాన్ని ఆహారపు రంగుగా అనుమతించింది. యూరప్ ఆహార భద్రతా సంస్థ మాత్రం 2022లో ఎండు పూల మీద భద్రతాపరమైన అభ్యంతరాలు లేవనెత్తింది. ఇద్దరూ తెలివైనవాళ్లే. వాళ్లిద్దరికీ మధ్య ఆ ఇంట్లో కుదిరిన పద్ధతేమిటంటే, వారంలో ఒకటి రెండుసార్లు సరదాకి, పూలు మాత్రమే. కాయలూ గింజలూ ముట్టుకోకూడదు. గింజలు విరేచనాలు పట్టిస్తాయి.

గులాబీ దగ్గరికొస్తే చెప్పాల్సింది తక్కువే, ఎందుకంటే అది అందరికీ తెలిసిన దారి. వాసన లేని గులాబీ గ్లాసులోకి పనికిరాదు. కత్తిరించినట్టు అందంగా ఉండే అంటు గులాబీలు బొకేలకి బాగుంటాయి. రెక్క నలిపితే వేలికి వాసన అంటే నాటు గులాబీ కావాలి. రెక్కలకి సమానంగా పటికబెల్లం పొడి పొరలుపొరలుగా గాజుసీసాలో నింపి, మూడు వారాలు ఎండలో పెట్టి తీస్తే గుల్కంద్. రాత్రిపూట చల్లటి పాలలో చెంచాడు కలిపితే అదే పానీయం. మల్లెలు ఇంకా సులువు. సాయంత్రం విచ్చుకోబోయే మొగ్గలు పదిహేను కడిగి, మంచినీళ్ల కూజాలో తేలవేసి మూత పెడితే, అవి రాత్రంతా విచ్చుకుంటూ వాసనని నీళ్లకిచ్చేస్తాయి. తెల్లారగానే పూలు తీసెయ్యాలి, లేకపోతే వగరొస్తుంది. చైనాలో మల్లెల టీ చేసేవాళ్లు నమ్ముకున్నది కూడా మల్లెమొగ్గ రాత్రి విచ్చుకుంటుందన్న ఈ సంగతినే. తేయాకుని పూలతో కలిపి రాత్రంతా ఉంచి, పొద్దున్న పూలు ఏరేస్తారు. మంచి రకమైతే అదే పని మళ్లీమళ్లీ చేస్తారు.

ఇదంతా చదివి సంచీ పట్టుకుని పూలబజారుకి బయల్దేరేవాళ్లకి టీచరుగారు అడ్డం నిలబడతారు. గుడిమల్కాపూర్‌లో కొన్నా, కడియపులంక మార్కెట్లో కొన్నా, దండ కోసం పండించిన పువ్వు దండ కోసమే. మొగ్గతొలుచు పురుగు పట్టకుండా మల్లెకీ, తామర పురుగు పట్టకుండా గులాబీకీ, చామంతికీ మందు కొడతారు. అందులో రైతు తప్పేమీ లేదు. దాన్ని ఎవరైనా తాగుతారని అతననుకోడు కదా. కూరగాయలకైతే మందు కొట్టాక ఇన్నిరోజులు ఆగి కోయాలని ఒక లెక్క ఉంటుంది. జడలో పెట్టుకునే పువ్వుకి ఆ లెక్క ఎవరు చూస్తారు? నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మొక్క పూలు కూడా ఆ ఇంట్లో వెంటనే వాడరు. కుండీ మట్టిలో గుళికల మందు ఉండి ఉంటుందన్న అనుమానంతో, వచ్చినప్పటి మొగ్గలన్నీ దేవుడికే ఇచ్చేసి, మూడు నెలలపాటు కొత్త చిగుర్లు వేశాకే వంటింటి లెక్కలోకి తీసుకుంటారు.

ఆ వేసవిలోనే ఒకరోజు జరిగింది. కూతురి కూతురికి తొమ్మిదేళ్లు. ఎదురింటి నాలుగేళ్ల పిల్లాడితో కలిసి మధ్యాహ్నం అరుగుమీద జ్యూసు కొట్టు పెట్టింది. స్టీలు గ్లాసులు వరసగా పేర్చి, నోటుపుస్తకం కాగితం మీద రేట్లు రాసిపెట్టింది. ఎర్ర జ్యూసు అయిదు రూపాయలు, నీలం జ్యూసు పది. పెద్దవాళ్లు లోపల పడుకుని ఉన్నారు. మూడున్నరకి టీచరుగారు లేచి బయటికొచ్చేసరికి అరుగుమీద మూడో రకం గ్లాసు కూడా ఉంది. నిమ్మపండు రంగు గరాటు పువ్వులు నాలుగు నలిపి వేసిన నీళ్లు. ‘స్పెషల్, ఇరవై రూపాయలు’ అని రాసి ఉంది. వీధి గుమ్మం పక్కనున్న పచ్చగన్నేరు పూలవి. గ్లాసు నాలుగేళ్లవాడి చేతిలో ఉంది.

ఆవిడ అరవలేదు. అరిస్తే పిల్లలు భయపడి నిజం చెప్పరని ముప్ఫయ్యేళ్ల ఉద్యోగం నేర్పింది. గ్లాసు చేతిలోకి తీసుకుని, ‘‘నాకివ్వకుండా మీరే తాగేశారేంటమ్మా?’’ అన్నారు మామూలు గొంతుతో.

‘‘లేదమ్మమ్మా, బోణీ ఇంకా అవలేదు’’ అంది పిల్ల.

‘‘కొంచెం కూడా? రుచి చూడలేదూ?’’

‘‘ఉహుఁ. పంచదార కోసం నువ్వు లేచేదాకా ఆగాం.’’

ఇద్దరి నోళ్లూ తెరిపించి చూసి, చేతులు సబ్బుతో కడిగించి, ఎదురింటి వాళ్లని పిలిచి సంగతి చెప్పి, సాయంత్రం దాకా ఇద్దరినీ కళ్లముందే కూర్చోబెట్టుకున్నారు. వాంతులుగానీ, మత్తుగానీ ఏ కొంచెం కనిపించినా ఆస్పత్రికి బయల్దేరడానికి కారు వీధిలో సిద్ధంగా ఉంది. ఏమీ కాలేదు, నిజంగానే తాగలేదు. పంచదార డబ్బా పై అరలో ఉండటం ఆ రోజుకి వాళ్ల అదృష్టం.

గన్నేరు విషయంలో ఇంత కంగారు అవసరమా అనేవాళ్లుంటారు. అవసరమే. ఎర్రగన్నేరు, తెల్లగన్నేరు, పచ్చగన్నేరు, మూడింటిలోనూ ఆకు, పువ్వు, బెరడు, గింజ అన్నీ విషమే. వాటిలోని గ్లైకోసైడ్లు నేరుగా గుండె లయని దెబ్బతీస్తాయి. ఎండబెట్టినా, మరిగించినా ఆ విషం పోదు. పక్కనున్న శ్రీలంకలో పచ్చగన్నేరు గింజల విషప్రయోగం దశాబ్దాలుగా ఆస్పత్రులకి పెద్ద తలనొప్పి. కేరళలో 2024లో ఒక యువతి గన్నేరు నమలడం వల్లే మరణించిందన్న అనుమానం రావడంతో, అక్కడి ట్రావెన్‌కోర్ దేవస్వం బోర్డు తన గుళ్లలో నైవేద్యానికీ, ప్రసాదానికీ గన్నేరు వాడొద్దని ఆ మే నెలలోనే నిర్ణయం తీసుకుంది. దేవుడికి పెట్టే పువ్వు కాబట్టి ఏమీ కాదులే అన్న భరోసా ఇక్కడ పనిచెయ్యదు.

అప్పటికప్పుడు గన్నేరు చెట్టు కొట్టించేద్దామంది కూతురు. టీచరుగారు వద్దన్నారు. ‘‘మా ఇంట్లో కొట్టేస్తే మీ అపార్టుమెంటు ముందు రోడ్డు మధ్యలో ఉన్నవి ఎవరు కొట్టేస్తారు?’’ అన్నారు. నిజమే, హైవేల నడుమ డివైడర్లనిండా గన్నేర్లే. పశువులు ముట్టవు, నీళ్లు అడగవు, ఏడాదంతా పూస్తాయి, అందుకే వేస్తారు. మర్నాడు పొద్దున్న ఆవిడ ఇద్దరు పిల్లల్నీ పెరడంతా తిప్పారు. పువ్వులు తాగొచ్చని చూపించిన పెద్దవాళ్లు ఏ పువ్వు తాగకూడదో చూపించలేదు, తప్పు పిల్లలది కాదని రాత్రి భర్తతో అన్నారట.

ఆ పాఠంలో మొదట, తుంచితే పాలు కారే మొక్క జోలికి వెళ్లొద్దని ఒక గుర్తు చెప్పారు. పచ్చగన్నేరు, దేవగన్నేరు, జిల్లేడు, నందివర్ధనం అన్నీ పాలు కారేవే. అంతలోనే ఉమ్మెత్త దగ్గర ఆ సూత్రం తప్పింది. ఉమ్మెత్త ఆకు తుంచితే పాలు రావు, కానీ పువ్వుతోసహా అంతా విషం, మతి చలింపజేస్తుంది. కాబట్టి అడ్డదారి సూత్రాలు పనికిరావని, ఒక్కొక్క చెట్టునీ పేరుతో, ఆకుతో, కాయతో గుర్తుపట్టడమే దారని తేల్చారు. పిల్ల నోటుపుస్తకంలో రెండు పేజీలు తీసి ఒకవైపు తాగే పూలు, ఒకవైపు చూసే పూలు అని రాసుకుంది. పువ్వు పక్కనే ఆకు కూడా అతికించాలని షరతు. పువ్వుని చూసి మోసపోవచ్చు, ఆకుతో కలిపి చూస్తే కష్టం. పేరు తెలియనిది ఏదైనా రెండో పేజీలోకే వెళుతుంది.

పెద్దవాళ్లకీ ఒక మాట చెప్పారావిడ. పొరపాటున ఎవరైనా మింగితే ఉప్పునీళ్లు పోసి వాంతి చేయించడం, పసరు పిండటం లాంటివి చెయ్యకుండా, ఆ చెట్టు కొమ్మ ఒకటి విరుచుకుని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కొమ్మ చూస్తే డాక్టరుకి సగం పని తగ్గుతుంది.

చూసే పూల పేజీలో బిళ్లగన్నేరు కూడా ఉండటం పక్కింటావిడకి నచ్చలేదు. చక్కెర వ్యాధికి రోజూ పరగడుపున నాలుగు బిళ్లగన్నేరు పూలు నీళ్లలో నానబెట్టుకుని తాగేవారామె. బిళ్లగన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే కేన్సరు మందులు తీస్తారు. ఆ మందుల్ని ఆస్పత్రిలో రక్తపరీక్షలు చూసి, కొలిచి మరీ ఎక్కిస్తారు. మందు తీసే మొక్క అంటే గౌరవించి దూరంగా ఉండాల్సిన మొక్కని టీచరుగారి లెక్క. పక్కింటావిడ మానేశారో, ఈవిడకి కనిపించకుండా తాగుతున్నారో తెలియదు.

తంగేడు గురించి కూడా వాదన వచ్చింది. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మకి మొదటి పువ్వు. తమిళనాడులో ఎండిన తంగేడు పూలతో కషాయం కాచుకోవడం పాత అలవాటు. పువ్వు విషం కాదు. అయితే షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు దాన్నే మందనుకుని మాత్ర మానేస్తే ముప్పు, రెండూ కలిపి వేసుకుంటే చక్కెర మరీ పడిపోతుందేమోనన్న జాగ్రత్త కూడా అవసరం. అలాగే గర్భిణులు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు మందారాన్ని కషాయంలా రోజూ తాగకపోవడం మంచిది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో మందారపూల సారం గర్భం నిలవకుండా అడ్డుపడినట్టు తేలింది.

ఇక గోంగూర. ఈ కథలో అసలు మజా ఇదే. గోంగూరని ఆకుకూరగా తప్ప చూడని జాతి మనది. కార్తీకం వచ్చేసరికి చెట్టు పువ్వు పూసిందంటే ఆకు ముదిరిందని పీకేస్తాం. ఎదురింటి కుర్రాడి బాబాయి గల్ఫులో పదేళ్లు పనిచేసి వచ్చాడు. గదిలో ఉండే సుడాన్ మనిషి రంజాన్ నెలలో ఎర్రటి పానీయం ఒకటి చేసి ఇచ్చేవాడట. పేరు కర్కదే. ‘‘మొదటి గుక్కలోనే మా అమ్మ గోంగూర పచ్చడి గుర్తొచ్చిందండీ’’ అని అతనంటే అందరూ నవ్వారు. టీచరుగారు నవ్వలేదు. లేచి వెళ్లి పుస్తకం తిరగేశారు. గుర్తొచ్చిందంటే రాదా మరి, రెండూ ఒకే మొక్క! మనం ఎర్రగోంగూర అని పిలిచేదే అక్కడి కర్కదే.

ఈజిప్టు, సుడాన్‌లలో కర్కదే. సెనెగల్‌లో బిస్సాప్. నైజీరియాలో జోబో. జమైకాలో సోరెల్, అక్కడ అది లేకుండా క్రిస్మస్ జరగదు. మెక్సికోలో దాని పేరు జమైకా నీళ్లు. సగం ప్రపంచం తాగుతున్న పువ్వుని పెరట్లో పెంచుకుంటూ, ఆకు కోసుకుని పువ్వుని పారేస్తున్నది మనమే. ఉత్తరాంధ్రలో నార కోసం వేసే గోగు పంట కూడా ఈ కుటుంబానిదే.

పానీయానికి వాడేది నిజానికి రెక్కల్ని కాదు. లేత పసుపు రెక్కలు రాలిపోయాక, కాయని చుట్టుకుని ఎర్రగా, కండగా పెరిగే తొడుగు ఉంటుంది. పాఠాల్లో రక్షకపత్రాలంటారు. అన్ని గోంగూరల్లోనూ అది కండపట్టదు. నార రకాల్లో పల్చగా ఉంటుంది. కండపట్టే రకం గింజ దొరికితే తొలకరిలో నాటాలి. పగటి పొద్దు తగ్గితేనే పూసే మొక్క కావడంతో ఎప్పుడు నాటినా చలికాలం ముందు పూతకి రాదు. రెక్కలు రాలిన రెండు మూడు వారాలకి, కాయ ఇంకా పచ్చిగా ఉండగానే కోసి, ఎర్రటి తొడుగు ఒలిచి, మధ్యలోని కాయ పారేయాలి. ముదిరిన రెండు మూడు కాయలు మాత్రం వచ్చే ఏటి గింజకి వదిలేయాలి.

రెండు గుప్పెళ్ల తొడుగులు, అయిదు గ్లాసుల నీళ్లు, దంచిన అల్లం ముక్క. స్టీలు గిన్నెలోనో, మట్టిపాత్రలోనో పది నిమిషాలు మరిగించాలి. అల్యూమినియం, కళాయి లేని ఇత్తడి వద్దు, ఈ పులుపుకి లోహం దిగుతుంది. చల్లారాక వడకట్టి తీపి కలపాలి. మందారంలాగా దీనికి నిమ్మరసం అక్కర్లేదు. రంగూ పులుపూ రెండూ దానివే. తొడుగుల్ని నీడన ఆరబెట్టి, తడి తగలని సీసాలో దాస్తే ఎండాకాలం దాకా వస్తాయి. పెరటి పూల పానీయాలన్నిటిలోకీ దీనిది నిజమైన రుచి. మిగిలినవి ముస్తాబులు.

రక్తపోటు కొంచెం ఎక్కువున్నవాళ్లలో ఈ పానీయం దాన్ని కాస్త తగ్గించినట్టు కొన్ని పరిశోధనల్లో తేలింది. అమెరికాలో చేసిన అలాంటి ఒక అధ్యయనం 2010లో అచ్చయింది కూడా. ఈ వార్త ఇంట్లో తెలియగానే భర్తగారు బీపీ మాత్ర డబ్బా పక్కకి జరిపారు. ‘‘ఇక ఇదే తాగుతానోయ్, మాత్రలెందుకు?’’ అన్నారు. ఆవిడ డబ్బాని మళ్లీ మంచినీళ్ల గ్లాసు పక్కన పెట్టి, మర్నాడే ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. మాత్ర మానొద్దు, రోజుకో చిన్న గ్లాసు తాగితే తాగండి, కళ్లు తిరిగితే ఆపేసి నాకు చెప్పండి అన్నారు డాక్టరుగారు. ఇప్పుడాయన అలాగే తాగుతున్నారు. పొద్దున్నే ఆయన సజ్జలోకి గోంగూర పువ్వు మాత్రం ఎక్కలేదు. దానికి ఇంతవరకూ దేవుడి వాటా పడలేదు.

సెలవులయ్యాక మనవరాలు హైదరాబాదు వెళ్లిపోయింది. వారం తిరక్కుండా ఫోను.

‘‘అమ్మమ్మా, మా అపార్టుమెంటు కింద మందారం ఉంది. కోసుకోవచ్చా?’’

‘‘ఆకు చూశావా?’’

‘‘చూశా. అంచు రంపంలా ఉంది. మందారమే.’’

‘‘మందు ఎవరు కొడుతున్నారో కనుక్కున్నావా?’’

వాచ్‌మన్‌ని అడిగి వస్తానంది. దోమల కోసమూ, పురుగు కోసమూ నెలకి రెండుసార్లు మనిషొచ్చి ఆ మొక్కలన్నిటికీ కలిపి కొట్టి వెళతాడని తెలిసింది. అయితే వద్దమ్మా, అవి చూసే పూలే అన్నారావిడ. మొదటి పేజీలో రాసుకున్న మందారాన్నే, ఆ ఒక్క చెట్టు మటుకు, రెండో పేజీలో కూడా రాయాల్సి రావడం పిల్లకి అర్థంకాక కాసేపు వాదించింది. తర్వాత రాసుకుంది.

ఆషాఢంలో వానలు పడ్డాక తాతయ్య హైదరాబాదు వెళుతూ, పెన్సిలు మందాన ఉన్న మందారం కొమ్మలు నాలుగు తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్లారు. బాల్కనీలో పాత ప్లాస్టిక్ బకెట్టుకి అడుగున చిల్లులు పెట్టి నాటారు. రెండు ఎండిపోయాయి. ఒకటి చిగురు వేసి ఆగింది. నాలుగోదానికి ఏడు ఆకులున్నాయని, మొగ్గ ఇంకా రాలేదని ఆ పిల్ల వారంవారం ఫోనులో చెబుతోంది.